హార్మోన్ లూప్ గురించి మీరు అడిగే ప్రశ్నలు



కాపర్ టి సంగతి మీకందరికీ తెలిసిందే. దాదాపు అదే ఆకారంలో ఉండి, రాగికి బదులు లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ మందు ఉన్న లూప్ ఇంకొకటి ఉంది. మైరీనా అలాంటిదే. అందులో 52 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అది రోజూ కొంచెం కొంచెంగా గర్భసంచిలోకి దిగుతుంది. కాన్పుకు కాన్పుకు ఎడం కోసమే కాక, ముట్టు ఎక్కువగా అయ్యేవారికి కూడా డాక్టరుగారు దీన్ని వేస్తారు.

మమ్మల్ని ఎక్కువమంది అడిగేది ఇదే: "సిస్టరమ్మా, ముట్టు ఆగిపోయింది, చెడు రక్తమంతా లోపలే పేరుకుపోతోందా?" లేదమ్మా. గర్భసంచి లోపలి పొర ప్రతి నెలా మందంగా పెరిగి, రక్తంతో కలిసి రాలిపోవడమే ముట్టు. ఈ మందు ఆ పొరను పెరగనివ్వదు. పెరగనిది రాలేదెలా? అది చెడు రక్తమూ కాదు, లోపల నిలవ ఉండేదీ కాదు. అయితే మొదటి 3 నుండి 6 నెలలు మధ్యమధ్య చుక్కలు కనబడతాయి. చాలామంది ఆ రోజుల్లోనే భయపడి తీయించుకుంటారు. కొంచెం ఓపిక పడితే చాలామందికి సర్దుకుంటుంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా ఆ సంచి ఎందుకు" అంటూ ముప్పై ఏళ్లకే ఆపరేషనుకు సిద్ధపడేవారిని చూస్తే మాకు బాధ కలుగుతుంది. గడ్డలు, క్యాన్సర్ లాంటివి లేవని పరీక్షల్లో తేలాక, అధిక రక్తస్రావానికి ఈ లూప్ సరిపోతుందేమో ముందు అడగండి. రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి మాత్రం ఇది పనికిరాదు.

తీయడానికి ఆపరేషను అక్కర్లేదు. గర్భసంచి ముఖద్వారం దగ్గర వేలాడే దారాలను పట్టి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. కొన్ని నిమిషాల పని. పొత్తికడుపులో కాస్త మెలిపెట్టినట్లు ఉంటుంది. ఇంట్లో మీరే లాగవద్దు. దారం కనబడకపోతే స్కాన్ తీసి ఎక్కడుందో చూస్తాం. మీవారికి దారం గుచ్చుకుంటోందంటే దాన్ని కత్తిరిస్తే చాలు, లూప్ తీయనక్కర్లేదు. తీయమని మీరు అడిగితే తీస్తాం, అత్తగారి అనుమతి మాకు అవసరం లేదు.

తీసిన తర్వాత గర్భం త్వరగానే రావచ్చు. ఇంకా పిల్లలు వద్దనుకుంటే తీయించుకునే ముందు 7 రోజులు కలవకుండా ఉండండి, లేదా నిరోధ్ వాడండి.

ఎన్నేళ్లు ఉంచుకోవచ్చు? మైరీనాను గర్భం రాకుండా 8 ఏళ్ల వరకు వాడవచ్చని 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ అనుమతించింది. అధిక రక్తస్రావానికి అయితే 5 ఏళ్లే. మీరు మాత్రం మీ కార్డు మీద డాక్టరుగారు రాసిన తేదీనే చూసుకోండి. ముట్లుడిగిపోయినా మరచిపోకుండా తీయించుకోవాలి.

జ్వరం, విడవని కడుపునొప్పి, దుర్వాసనతో తెల్లబట్ట ఉంటే ఆగకుండా రండి. లూప్ ఉండగా గర్భం రావడం చాలా అరుదు. వస్తే అది గొట్టంలో ఉండే ప్రమాదం ఉంది కాబట్టి ఆ రోజే రావాలి. వచ్చేటప్పుడు లూప్ కార్డు, పాత స్కాన్ రిపోర్టు వెంట తెచ్చుకోండి.