మునిగిన ఓడ - మునగని అంతస్తులు

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక చారిత్రక దుర్ఘటనపై నిర్మించిన చలనచిత్రంలో వర్గ భేదాలు, స్త్రీ పురుషుల సాంఘిక పాత్రలు ఏ విధంగా చిత్రితమయ్యాయో వివరించడం, చలనచిత్రాన్ని చరిత్రతో పోల్చి వివేచనతో చూసే దృష్టిని విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ప్రకృతి కన్నెర్రజేస్తే మేడలో ఉన్నవాడైనా గుడిసెలో ఉన్నవాడైనా ఒకటేనని లోకంలో ఒక మాట ఉంది. ఈ మాటలో కొంత సత్యం ఉంది కాని, సంపూర్ణ సత్యం లేదు. విపత్తు అందరి మీదా ఒకేసారి విరుచుకుపడవచ్చు. దాని నుండి బయటపడే దారులు మాత్రం అందరికీ ఒకే విధంగా తెరచి ఉండవు. ఆ దారులు ఎవరికి అందుబాటులో ఉండాలో సమాజం చాలా ముందుగానే నిర్ణయించి ఉంచుతుంది. ఈ సత్యాన్ని ప్రపంచ ప్రేక్షకుల కళ్ళకు కట్టిన చలనచిత్రం 'టైటానిక్'. జేమ్స్ కామెరాన్ దర్శకత్వంలో 1997లో విడుదలైన ఈ చిత్రం పదకొండు ఆస్కార్ పురస్కారాలను అందుకొంది. చాలామంది దీనిని ఒక విషాద ప్రేమకథగానే గుర్తుంచుకున్నారు. కాని ఆ ప్రేమకథ వెనుక ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళ పాశ్చాత్య సమాజపు నిర్మాణం మొత్తం కనిపిస్తుంది.

టైటానిక్ ఆనాటికి ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడ. బ్రిటన్‌కు చెందిన వైట్ స్టార్ లైన్ సంస్థ దీనిని నిర్మింపజేసింది. 1912 ఏప్రిల్ 10న ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవు నుండి న్యూయార్కుకు ఇది తన తొలి ప్రయాణాన్ని ప్రారంభించింది. ఏప్రిల్ 14 రాత్రి 11 గంటల 40 నిమిషాలకు ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఒక మంచుకొండను ఢీకొంది. రెండు గంటల నలభై నిమిషాల తరువాత, అంటే 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 20 నిమిషాలకు పూర్తిగా మునిగిపోయింది. ఓడలో సుమారు 2,200 మంది ఉండగా దాదాపు 1,500 మంది మరణించారు.

తెలుగులో 'అంతస్తు' అనే మాటకు భవనంలోని ఒక భాగమనీ, సమాజంలో ఒక హోదా అనీ రెండర్థాలున్నాయి. టైటానిక్ విషయంలో ఈ రెండర్థాలూ ఒకటే అయ్యాయి. పై అంతస్తులలో కోటీశ్వరుల విలాసవంతమైన గదులు, భోజనశాలలు, విహార స్థలాలు ఉండేవి. అడుగు అంతస్తులలో ఐర్లండు, స్వీడన్, సిరియా మొదలైన దేశాల నుండి బ్రతుకుతెరువు కోసం అమెరికాకు వలస వెళ్తున్న పేదలు ప్రయాణించారు. మూడవ తరగతి టిక్కెట్టు ధర ఏడెనిమిది పౌండ్లు కాగా, మొదటి తరగతిలోని ఖరీదైన విడిదులకు వందలాది పౌండ్లు చెల్లించవలసి ఉండేది. మూడవ తరగతిలోని ఏడు వందల మందికి స్నానపు తొట్టెలు రెండే. ఆ తరగతిలో ఒంటరి పురుషులకు ఓడ ముందు భాగంలోనూ, ఒంటరి స్త్రీలకూ కుటుంబాలకూ వెనుక భాగంలోనూ గదులు కేటాయించారు. అంటే ప్రయాణికులను మొదట ధనాన్ని బట్టి, తరువాత స్త్రీ పురుష భేదాన్ని బట్టి విభజించారన్నమాట. ప్రాణరక్షక పడవలు పై అంతస్తులో, మొదటి రెండు తరగతులవారు విహరించే చోట ఉన్నాయి.

ఈ ఏర్పాటును దర్శకుడు కథగా మలచాడు. నాయిక రోజ్ మొదటి తరగతి ప్రయాణికురాలు. నాయకుడు జాక్ జూదంలో గెలుచుకున్న టిక్కెట్టుతో మూడవ తరగతిలోకి ఎక్కిన నిరుపేద చిత్రకారుడు. వీరిద్దరూ కల్పిత పాత్రలే. పై అంతస్తులోని విందులో ఏ చెంచాను ఎప్పుడు వాడాలో తెలియకపోతే మనిషి విలువ తగ్గిపోతుంది. అడుగు అంతస్తులో ఏ కట్టుబాటూ లేని పాటలు, నృత్యాలు సాగుతాయి. ఈ రెండు లోకాలనూ వెంటవెంటనే చూపించి, ధనం మనుషుల మధ్య ఎంత దూరాన్ని సృష్టిస్తుందో దర్శకుడు స్పష్టం చేశాడు. ఓడ మునుగుతున్నదని తెలిసిన తరువాత కూడా రోజ్ తల్లి రూత్, పడవలలో కూర్చోబెట్టేటప్పుడు తరగతులను పాటిస్తారా అని అడుగుతుంది. ప్రాణం మీదికి వచ్చినా హోదాను విడువలేని మనస్తత్వానికి ఆ ప్రశ్న అద్దం పడుతుంది.

అయితే ధనిక వర్గంలో పుట్టినంత మాత్రాన రోజ్‌కు స్వేచ్ఛ లభించలేదు. తండ్రి మరణించాడు. ఆయన మిగిల్చి వెళ్ళినవి అప్పులు మాత్రమే. కుటుంబ గౌరవాన్ని నిలబెట్టడానికి ఉన్న ఒకే ఒక మార్గం రోజ్‌ను కాల్ హాక్లీ అనే సంపన్నుడికిచ్చి వివాహం చేయడం. ఒక సన్నివేశంలో తల్లి, కూతురి నడుమును బిగించే కార్సెట్ త్రాళ్ళను లాగుతూ, ఈ పెళ్ళి జరగకపోతే తాను కుట్టుపని చేసుకొని బ్రతకవలసి వస్తుందని హెచ్చరిస్తుంది. కూతురికి ఊపిరాడకుండా చేస్తున్న తల్లి నిజానికి క్రూరురాలు కాదు. ఉద్యోగం, ఆస్తి, స్వతంత్ర జీవనం స్త్రీకి అందని వ్యవస్థలో ఆమె కూడా బందీయే. ఆడపిల్ల పెళ్ళిని ఆర్థిక లావాదేవీగా మార్చిన దురాచారాన్ని గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకంలో ఎండగట్టాడు. ఆ నాటకం 1897లో అచ్చయింది. దేశాలు వేరైనా, సంప్రదాయాలు వేరైనా, కుటుంబపు ఆర్థిక భారాన్ని ఆడపిల్ల జీవితంతో తీర్చుకునే పద్ధతి రెండు చోట్లా ఒక్కటే.

చలనచిత్రం చూపినది చరిత్రలో నిజంగా ఎంతవరకు జరిగింది? దుర్ఘటన తరువాత బ్రిటిష్ ప్రభుత్వం జరిపిన విచారణలో నమోదైన అంకెలు ఈ ప్రశ్నకు సమాధానం చెబుతాయి. మొదటి తరగతి స్త్రీలు 144 మందిలో 140 మంది, రెండవ తరగతి స్త్రీలు 93 మందిలో 80 మంది ప్రాణాలతో బయటపడ్డారు. మూడవ తరగతి స్త్రీలు 165 మందిలో బ్రతికినవారు 76 మందే. రెండవ తరగతి పిల్లలు 24 మందీ రక్షింపబడగా, మూడవ తరగతి పిల్లలు 79 మందిలో 27 మంది మాత్రమే బ్రతికారు. పురుషులలో మొదటి తరగతివారు నూటికి 33 మంది, రెండవ తరగతివారు నూటికి 8 మంది, మూడవ తరగతివారు నూటికి 16 మంది బ్రతికారు.

ఈ అంకెలు రెండు విషయాలను తెలుపుతున్నాయి. స్త్రీలను, పిల్లలను ముందుగా పడవలలోకి ఎక్కించాలన్న నియమాన్ని ఆ రాత్రి చాలావరకు పాటించారు. కాని ఆ నియమం కూడా అంతస్తులు దిగేకొద్దీ బలహీనపడింది. మొదటి తరగతిలోని వయోజనులైన పురుషులు ఎంత శాతం బ్రతికారో, మూడవ తరగతిలోని పసిపిల్లలు కూడా దాదాపు అంతే శాతం బ్రతికారు. పసిప్రాణం విలువను సైతం టిక్కెట్టు ధర నిర్ణయించిందనడానికి ఇంతకన్న నిదర్శనం అవసరం లేదు.

పేదలను తాళం వేసిన ఇనుప తలుపుల వెనుక నిర్బంధించినట్లు చలనచిత్రం చూపిస్తుంది. ఓడలో అటువంటి అడ్డంకులు కొన్ని ఉన్న మాట నిజమే. వలసదారుల నుండి వ్యాధులు వ్యాపించకుండా వారిని వేరుగా ఉంచాలని ఆనాటి అమెరికా చట్టాలు నిర్దేశించాయి. కాని తలుపుల కంటే పెద్ద అడ్డంకులు మరికొన్ని ఉన్నాయి. పడవలున్న చోటికి చేరే మార్గం చిక్కుదారుల మయం. చాలామందికి ఇంగ్లీషు రాదు. హెచ్చరిక వారికి ఆలస్యంగా అందింది. జాన్ హార్ట్ అనే పరిచారకుడు మూడవ తరగతి స్త్రీలను, పిల్లలను రెండు జట్లుగా పైకి నడిపించుకొని వెళ్ళి కొందరిని కాపాడాడు. దారి చూపే మనిషి ఉంటే పేదలు కూడా బ్రతికేవారని ఈ సంఘటన నిరూపిస్తున్నది. మూడవ తరగతి వారి పట్ల వివక్ష జరగలేదని బ్రిటిష్ విచారణ తేల్చింది. అయితే ఆ విచారణలో సాక్ష్యం చెప్పడానికి మూడవ తరగతి ప్రయాణికులలో ఒక్కరినైనా పిలవలేదు.

స్త్రీలకు ముందుగా అవకాశం ఇవ్వడం ఉదాత్తమైన ఆచారమే. కాని అది హక్కు కాదు, పురుషుడు చూపిన దయ. 1912 నాటికి బ్రిటన్ స్త్రీలకు పార్లమెంటు ఎన్నికలలో ఓటు హక్కు లేదు. ఆపదలో పురుషులు తమ స్థానాలను త్యాగం చేసి స్త్రీలను రక్షిస్తున్నప్పుడు వారికి వేరే ఓటు హక్కు ఎందుకని కొందరు ఈ దుర్ఘటనను చూపి వాదించారు. చట్టాలు చేయడంలో స్త్రీలకు భాగం ఉంటే ప్రజల ప్రాణాలకు మరింత రక్షణ ఉండేదని ఓటు హక్కు ఉద్యమకారిణులు బదులు చెప్పారు. పైగా ఆ త్యాగం అన్ని ఓడలలోనూ కనిపించేది కాదు. స్వీడన్‌కు చెందిన ఇద్దరు ఆర్థికవేత్తలు పద్దెనిమిది ఓడ ప్రమాదాలను పరిశీలించి 2012లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. సాధారణంగా పురుషులకంటే స్త్రీలే తక్కువగా బ్రతుకుతున్నారనీ, టైటానిక్ ఒక మినహాయింపు అనీ వారు తేల్చారు.

పురుషునికి సమాజం కేటాయించిన పాత్ర కూడా భారమైనదే. ధైర్యంగా మరణించడమే పురుష లక్షణమని ఆనాటివారు భావించారు. ఆ భావనకు ఎక్కువగా బలైనవారు రెండవ తరగతి పురుషులు. మరోవైపు చలనచిత్రంలో కాల్ హాక్లీ దిక్కులేని ఒక పసిపిల్లను ఎత్తుకొని, తండ్రిలా నటించి పడవ ఎక్కుతాడు. స్త్రీలు సైతం కేవలం రక్షింపబడేవారుగా మిగిలిపోలేదు. ఆరవ నంబరు పడవలోని మార్గరెట్ బ్రౌన్ స్వయంగా తెడ్డు పట్టి, నీటిలో మునుగుతున్నవారి కోసం వెనుకకు మళ్ళాలని పట్టుబట్టింది. పడవ అధికారి అందుకు అంగీకరించలేదు. ఆమె చరిత్రలో నిజంగా ఉన్న వ్యక్తి. చిత్రంలోనూ ఒక పాత్రగా కనిపిస్తుంది.

కథ చివర రోజ్ తన వంశనామాన్ని విడిచిపెట్టి, జాక్ ఇంటిపేరుతో కొత్త జీవితాన్ని ప్రారంభిస్తుంది. వృద్ధురాలైన ఆమె మంచం ప్రక్కన ఉన్న ఛాయాచిత్రాలలో ఆమె గుర్రంపై పురుషునివలె ఇరువైపులా కాళ్ళు వేసి కూర్చుని కనిపిస్తుంది. విమానం ప్రక్కన నిలబడి కనిపిస్తుంది. జాక్ ఆమె ప్రాణాన్ని కాపాడాడు, ఆ ప్రాణంతో ఎలా జీవించాలో ఆమె స్వయంగా నిర్ణయించుకొంది. అయితే ఈ చిత్రంలో లోపాలు లేకపోలేదు. ధనికులలో అధికులను దుష్టులుగా, పేదలందరినీ ఉల్లాసవంతులుగా చూపడం అతిసరళమైన చిత్రణ. మర్డాక్ అనే అధికారిని లంచం తీసుకున్నవాడుగా చూపినందుకు ఆయన స్వస్థలంలో నిరసన వ్యక్తమైంది. చిత్ర నిర్మాణ సంస్థ ప్రతినిధి 1998లో ఆ ఊరికి వెళ్ళి విచారం ప్రకటించవలసి వచ్చింది. చలనచిత్రం చరిత్రకు ప్రవేశద్వారం కావచ్చుగాని, అదే చరిత్ర కాజాలదు.

టైటానిక్ నేర్పిన పాఠం తెలుగు నేలకు దూరమైనది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15,000 మంది మరణించారు. నది ఒడ్డున పల్లపు ప్రాంతాలలోని మట్టి ఇళ్ళు కూలిపోయాయి. అఫ్జల్‌గంజ్‌లోని ఒక చింతచెట్టుపైకి ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆ చెట్టుకు తరగతులు లేవు. కాని చెట్టు ఎక్కడం అందరికీ నేర్పిన విద్య కాదు. 2004 డిసెంబరు 26న సునామీ సంభవించినప్పుడు తమిళనాడులోని కడలూరు జిల్లాలో మరణించిన స్త్రీల సంఖ్య పురుషుల సంఖ్యకు దాదాపు మూడు రెట్లని ఆక్స్‌ఫామ్ సంస్థ 2005లో వెల్లడించింది. వేటకు వెళ్ళిన పురుషులు తెచ్చే చేపల కోసం స్త్రీలు తీరంలో వేచి ఉన్నారు. పని విభజనే అక్కడ మృత్యువుకు దారి చూపింది.

ఆపద వచ్చిన తరువాత త్యాగాలను కీర్తించడం కంటే, ఆపదకు ముందే న్యాయమైన ఏర్పాట్లు చేయడం మేలు. టైటానిక్‌లో 20 పడవలు ఉన్నాయి. వాటిలో 1,178 మందికే చోటు. ఆనాటి నిబంధనల ప్రకారం అదే అవసరానికి మించిన సంఖ్య. ఓడలో ఎందరున్నారో వారందరికీ పడవలుండాలని 1914 నాటి అంతర్జాతీయ ఒడంబడిక నిర్దేశించింది. మూసీ వరదల తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మితమయ్యాయి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన కబళించిన తరువాత కోస్తా తీరంలో తుఫాను రక్షణ కేంద్రాలు వెలిశాయి. నాగోలు, ఉప్పల్ పొలిమేరల మీదుగా మూసీ నేటికీ తూర్పుకు ప్రవహిస్తూనే ఉంది. దాని ఒడ్డున ఎవరు నివసిస్తున్నారు, హెచ్చరిక ముందుగా ఎవరి చెవిన పడుతుంది, బయటపడే దారి ఎవరికి తెలుసు అనే ప్రశ్నలకు సమాధానాలను ప్రశాంతమైన రోజులలోనే వెదకాలి. అందరికీ సరిపడా పడవలున్న ఓడలో ఎవరు ముందు ఎక్కాలన్న ప్రశ్నతో ప్రాణాలు ముడిపడి ఉండవు.

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. టైటానిక్ దుర్ఘటనలో వర్గ భేదాలు ప్రయాణికుల ప్రాణరక్షణను ఏ విధంగా ప్రభావితం చేశాయి?
2. 'టైటానిక్' చలనచిత్రంలో రోజ్ పాత్ర ద్వారా వ్యక్తమైన స్త్రీల స్థితిగతులను వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. 'అంతస్తు' అనే పదానికి గల రెండర్థాలు టైటానిక్‌కు ఎలా వర్తిస్తాయి?
2. జాన్ హార్ట్ చేసిన పని వల్ల తెలిసే విషయం ఏమిటి?
3. సునామీలో కడలూరు జిల్లా స్త్రీలు ఎక్కువగా మరణించడానికి కారణం ఏమిటి?
4. చలనచిత్రం చరిత్రకు ప్రవేశద్వారమే కాని చరిత్ర కాజాలదనే మాటను సమర్థించండి.