బిడ్డ బుద్ధిని పరీక్ష చేయించుట: తల్లులకు కొన్ని మాటలు

బిడ్డకు జ్వరము వచ్చినచో వైద్యుని యొద్దకు పరుగెత్తెదము. చదువు రాకున్నచో మాత్రము అది సోమరితనమనియో, నుదుటి వ్రాత యనియో తలంచి యూరకుందుము. లేదా బెత్తము చేతబట్టుదుము. మా యింట జరిగినదానిని బట్టి ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

మేము పటాన్‌చెరులో నివసించుచున్నాము. మా వారు ఉపాధ్యాయులు. మా కుమారునికి తొమ్మిదేండ్లు. రామాయణ కథను విన్నది విన్నట్లు చెప్పును. చెడిన టార్చిలైటును విప్పి బాగుచేయును. కాని పుస్తకము తెరచిన చాలు, అక్షరములు వానికి పగవారగును. ప, వ లును, మ, య లును వానికి ఒక్కటే. "ఊరి పిల్లలకెల్ల చదువు చెప్పు నాకు ఈ తలవంపేమి?" యని మా వారు వానిని కొట్టిన దినములు కలవు. అడ్డుపడక మేము తలుపుచాటున నిలిచిన దినములును కలవు. వ్రాయుటకు సిగ్గగుచున్నది, అయినను వ్రాయక తప్పదు.

ఒకనాటి రాత్రి వాడు, "నాకు బుర్ర లేదా అమ్మా?" యని యడిగెను. మే మిరువురమును ఉత్తరము చెప్పలేకపోతిమి. ఆ రాత్రియే పరీక్ష చేయింప నిశ్చయించుకొంటిమి.

మొదట కన్నులను, చెవులను చూపింపవలెను. చూపో వినికిడియో తక్కువయి చదువు కుంటుపడుచున్నచో ముందుగా దానినే సరిచేయింపవలెను. పిమ్మట ఎవరియొద్దకు బోవలెనో తెలియవలెను. సైకియాట్రిస్టు వైద్యశాస్త్రము చదివినవారు; మందు వ్రాయుదురు. క్లినికల్ సైకాలజిస్టు మందు వ్రాయరు. మాటలచేతను పరీక్షలచేతను మనస్సును, బుద్ధిని పరిశీలింతురు. 1992వ సంవత్సరపు చట్టము ననుసరించి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వారు ఉంచు పట్టికలో వీరి పేర్లు నమోదగును. ఆ నమోదు సంఖ్య నడుగుటకు మొగమాటపడరాదు. బంగారము కొనునపుడు ముద్ర చూడకుందుమా?

మే మట్లు అడుగక నష్టపోతిమి. నగరమున మొదట పోయినచోట అర్ధగంటలో కొన్ని యింగ్లీషు ప్రశ్నలడిగి, ఒక యంకె వ్రాసిన కాగితము చేతనిడి పంపిరి. మా వాడు ఇంట తెలుగే మాటలాడును. వానికి రానిది భాషయో, బుద్ధియో ఆ యంకె యెట్లు చెప్పును? రూకలు పోయిన విచారముకంటె, ఆ యంకె మా మనస్సున నాటిన భయము పెద్దదయ్యెను.

రెండవసారి ముందుగానే టెలిఫోనులో అడిగితిమి: ఎన్ని పర్యాయములు రావలెను? పరీక్ష యే భాషలో జరుగును? మొత్తము రుసు మెంత? నివేదిక యెన్నాళ్లకు వచ్చును? దానిని మాకు విప్పి చెప్పుదురా? భాషను గూర్చిన ప్రశ్న మన ప్రాంతమున మిక్కిలి ముఖ్యము; ఇచ్చటి కర్మాగారములలో పనిచేయ బీహారు, ఒడిశాల నుండి వచ్చిన కుటుంబములు కలవు. వారి బిడ్డలను ఏ భాషలో పరీక్షింతురో వారును అడుగవలెను.

మియాపురము వరకు బస్సులోను, ఆపై మెట్రో రైలులోను పోయితిమి. మొదటినాడు బిడ్డను బయట కూర్చుండబెట్టి మాతోనే మాటలాడిరి. కాన్పు ఎట్లయినది, ఎప్పుడు నడచెను, ఎప్పుడు మాటలు వచ్చెను, నిద్ర యెట్లు, బడిలో స్నేహితులు కలరా యని యడిగిరి. "ఇంట దండన కలదా?" యనగా మా వారు తలవంచుకొని యున్నదున్నట్లు చెప్పిరి. దాచిన లాభము లేదు. దాచినకొలది పరీక్ష తప్పుదారి పట్టును. కావున తండ్రియు రావలెను. షిఫ్టు పనివారు సెలవు దినమును చూచుకొని పోవుట మేలు. బిడ్డ వ్రాత పుస్తకములను, మార్కుల పట్టికలను, పాత వైద్యపు చీటీలను వెంట గొనిపోవలెను.

రెండవనాడు పిల్లవాని వంతు. సూదులు లేవు, తీగలు లేవు. రంగుల దిమ్మెలతో బొమ్మ కూర్చుట, అంకెలను విని ముందునుండియు వెనుకనుండియు చెప్పుట, మాటల కర్థము చెప్పుట, పిమ్మట చదువుట, చెప్పగా వ్రాయుట, లెక్కలు చేయుట. ముందు దినము ఇంట ప్రశ్నలు నేర్పరాదు. కడుపునిండ తిని, కంటినిండ నిదురించి పోయిన చాలును. "నీకు ఎట్లు చెప్పిన తేలికగా వచ్చునో చూతురు" అని మేము వానితో చెప్పితిమి.

కొన్ని దినములకు నివేదిక వచ్చెను. వాని యాలోచనాశక్తికి లోపము లేదు. అక్షరములను చదువుటలోనే చిక్కు. దీనిని డిస్లెక్సియా యందురు. ఐ.క్యూ. అను నంకెకు సగటు 100. మూడింట రెండు వంతుల జనము 85కును 115కును నడుమ నుందురు. 1905వ సంవత్సరమున పారిస్ నగరమున బినే, సైమను అనువారు ఇట్టి పరీక్షను కల్పించినది బడిలో సాయము కావలసిన బిడ్డలను కనుగొనుటకే గాని, ముద్రవేసి త్రోసివేయుటకు గాదు. కామత్ గారు దానిని కన్నడ, మరాఠీ బిడ్డల కనువుగా మార్చిరి.

ప్రైవేటు నివేదికతోనే అన్ని పనులును తీరవు. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టమున ఈ చదువు చిక్కును చేర్చిరి; కాని ధ్రువపత్రము నిచ్చువారు ప్రభుత్వము నియమించిన వైద్యాధికారులే. అది యున్నచో పరీక్షలలో అదనపు కాలము మొదలగు సదుపాయములు కోరవచ్చును. రుసుము చెల్లింపలేనివారికి బుద్ధిమాంద్యముగల బిడ్డలకై సికింద్రాబాదున కేంద్రప్రభుత్వ సంస్థ కలదు. మనోవ్యథను గూర్చి మాటలాడుటకు 2022 నుండి టెలిమానస్ వారి 14416 సంఖ్య యున్నది.

పంచతంత్రమున విష్ణుశర్మ చదువురాని రాజకుమారులను నిందింపలేదు. చెప్పు తీరు మార్చెను. మా వారును తీరు మార్చిరి. మా వాడు నేటికిని వ్రేలు పెట్టి మెల్లగానే చదువుచున్నాడు. కాని యేడ్వక చదువుచున్నాడు. బెత్తము మా దొడ్డిలో చిక్కుడు తీగకు ఊతమై యున్నది.