ముష్టియోధుని వయస్సు

మేడ్చల్, షామీర్‌పేట వైపు రైతు ఎద్దు పళ్ళు చూచి వయస్సు కట్టినా, నడిపించి చూడనిదే బేరం ముగించడు. ముష్టియోధునికీ అదే న్యాయం.

1980 అక్టోబరులో ప్రపంచ హెవీవెయిట్ పదవికై లారీ హోమ్స్‌తో తలపడేనాటికి మహమ్మద్ అలీకి 38 ఏండ్లు. బరువు తగ్గి యువకునివలె కనిపించాడు. కాని అంతకుముందే మేయో వైద్యశాలలో పరీక్షించగా, ముక్కుకొనను తాకబోయిన వేలు కొంచెం గురి తప్పింది. ఒంటికాలి గెంతులో ఆశించిన చురుకు లేదు.

వేలికి గురి కుదిర్చేది కండ కాదు, చిన్నమెదడు. (ఈ పరీక్షను తరగతిలో చేసి చూడవచ్చును.) వయస్సుతో సాధారణంగా ముందు తగ్గేది చురుకు, దెబ్బలోని బలం తరువాత. 1994లో 45 ఏండ్ల జార్జి ఫోర్‌మన్ పాయింట్లలో వెనుకబడి కూడా, పదవ రౌండులో కుడిచేతి దెబ్బతో గెలవడం ఇందుకు నిదర్శనం.

అలీకి పోటీచేయుటకు అనుమతి దొరికింది. పది రౌండ్లు దెబ్బలు తిన్న తరువాత అతని శిక్షకుడే పోటీ ఆపించాడు.