కొత్త కీబోర్డు వస్తుందా? కొన్నది పాతబడుతుందా?
పెళ్లి పాటల వాద్యకారుల తర్జనభర్జన

కొంపల్లి: పెళ్లిళ్లలో కీబోర్డు వాయించేవారు నలుగురు కలిసిన చోట తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటి వున్నది. జపాన్‌కు చెందిన యమహా కంపెనీ తన అగ్రశ్రేణి కీబోర్డు ‘జెనోస్’లో తర్వాతి రకాన్ని ఎప్పుడు తెస్తుంది? కంపెనీలు ఇటువంటి సంగతులు ముందుగా చెప్పవు. అందుకే ఊహాగానాలకు అంతు లేదు. లక్షల రూపాయలు పోసి కొన్న వాద్యం కొత్తది రాగానే ధర పడిపోతుంది కనుక, ఈ ఊహల వెనుక బతుకుతెరువు వున్నది.

ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడిన మేడ్చల్ ప్రాంతంలో నేడు నాగపూర్ వెళ్లే రహదారి పొడవునా ఫంక్షన్ హాళ్లు వెలిశాయి. కొంపల్లి వాటిలో ముఖ్యమైనది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వచ్చాయంటే పాటల బృందాలకు తీరిక వుండదు. ఆషాఢంలో పని వుండదు. ఏ వాద్యం కొనాలి, ఏది అమ్మాలి అన్న లెక్కలకు అదే అనువైన సమయం.

హార్మణికి దూరపు చుట్టం

కీబోర్డుకు, మన నాటకాల హార్మణికి మెట్లు ఒకటే, పనితీరు వేరు. హార్మణిలో గాలి తగిలి రేకు కంపిస్తే స్వరం పుడుతుంది. సింథసైజర్‌లో విద్యుత్తు ద్వారానే ధ్వనిని తయారుచేస్తారు. పెళ్లిళ్లలో ఎక్కువగా వాడే రకం మరో అడుగు ముందున్నది. ఎడమచేత్తో రెండు మూడు మెట్లు కలిపి నొక్కితే డ్రమ్స్, గిటార్, వయొలిన్ల తోడు దానంతటదే నడుస్తుంది. కుడిచేత్తో పాట వాయిస్తే చాలు. నలుగురైదుగురు చేసే పని ఒక్కరు చేయగలుగుతున్నారు. వేదికపై అకార్డియన్, వయొలిన్ వాయించేవారు తగ్గిపోవడానికి ఇదొక కారణమన్నది కాదనలేని సత్యం.

ఈ వాద్యాలు జనంలోకి రావడానికి 1983 మలుపు వంటిది. ఆ ఏడాది యమహా ‘డీఎక్స్-7’ విడుదలైంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనుగొన్న పద్ధతి దానికి ఆధారం. వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే ‘మిడి’ ఏర్పాటు కూడా ఆ సంవత్సరమే వచ్చింది. తెలుగు సినిమాలో రాజ్-కోటి ద్వయం ఈ ధ్వనులను విరివిగా వాడింది. వారి వద్ద కీబోర్డు వాయించిన యువకుడే తర్వాత 1992లో ‘రోజా’తో సంగీత దర్శకుడైన ఏ.ఆర్.రెహమాన్.

ఏళ్ల లెక్క

ఊహాగానాలకు వాద్యకారులు పట్టుకునే ఆధారం గడచిన తేదీలే. జెనోస్‌కు ముందు యమహా అగ్రశ్రేణి పేరు ‘టైరోస్’. అది 2002లో వచ్చింది. 2005లో రెండోది, 2008లో మూడోది, 2010లో నాలుగోది, 2013లో ఐదోది వెలువడ్డాయి. 2017లో పేరు మారి జెనోస్ అయింది. జెనోస్-2 రావడానికి 2023 నవంబరు దాకా పట్టింది.

మొదట్లో రెండు మూడేళ్లున్న ఎడం నాలుగు, తర్వాత ఆరు ఏళ్లకు పెరిగిందన్నమాట. ‘మూడేళ్లయింది, ఇక రావాలి’ అన్న పాత లెక్క ఇప్పుడు చెల్లదు. ఆరేళ్లన్నదీ నియమం కాదు. అమెరికాలో ఏటా జరిగే ‘నామ్’ వాద్యాల ప్రదర్శన జనవరిలో వస్తే, మాఘమాసపు ముహూర్తాలు కూడా ఆ వెంటనే మొదలవుతాయి. సీజను ముంగిట కొనాలా, ఆగాలా అన్న సందేహం బలపడేది అందుకే.

పెద్దది ముందు, చిన్నది వెనుక

ఈ తేదీల్లో సామాన్య వాద్యకారుడికి పనికివచ్చే విషయం మరొకటి వున్నది. 2017లో జెనోస్ రాగా, దాని గుణాలు కొన్నింటితో తక్కువ ధర ‘ఎస్‌ఎక్స్-900’ 2019లో వచ్చింది. 2023 చివర జెనోస్-2 రాగా, మరుసటి ఏడాదే ‘ఎస్‌ఎక్స్-920’ వచ్చింది. స్టూడియోల్లో వాడే ‘మోంటాజ్’ 2016లో వస్తే, దాని తమ్ముడు ‘మోడ్‌ఎక్స్’ 2018లో బజారులోకి దిగింది. పెద్దదానిలోని మంచి స్వరాల్లో కొన్ని ఏడాది రెండేళ్లలో చిన్నదానికి దిగివస్తున్నాయి. అన్నీ రావు. మెట్ల నాణ్యత, స్వరాల సంఖ్య తగ్గవచ్చు. అయినా ఫంక్షన్ హాలు వేదికకు అది చాలునా అన్నది ఎవరికి వారు వాయించి తేల్చుకోవలసిన సంగతి.

మన చెవికి కావలసింది

ఎంత ఖరీదైన వాద్యమైనా గమకం దగ్గర పరీక్ష తప్పదు. స్వరం నుంచి స్వరానికి జారడం మెట్ల వాద్యానికి చేతకాదన్న విమర్శ పాతదే. ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు హార్మోనియాన్ని దూరంగా వుంచడానికి అదొక కారణం. కీబోర్డుకు ఎడమవైపు వుండే చిన్న చక్రమో మీటో తిప్పితే స్వరం వంగుతుంది. ఎంత వంచాలో చెప్పేది మాత్రం చెవి, చేయి. సన్నాయిని వినివిని అలవాటైన చేయి చవక వాద్యంతోనూ మెప్పిస్తుంది.

రెండోది తాళం. బరాత్‌లో అడిగేది తీన్‌మార్. విదేశీ పెట్టెలో దొరికే తాళాలతో డప్పు దరువు తృప్తి రాదు. కనుక వాద్యకారులు తమ దరువులను విడిగా చేర్చుకుంటారు. అందుకే, సొంత ధ్వనులు చేర్చుకునే చోటు ఎంత వున్నదన్నది కొత్త వాద్యం గురించి అడగవలసిన మొదటి ప్రశ్న. పాత వాద్యంలో కూడబెట్టిన దరువులు కొత్తదానిలో పనిచేస్తాయా అన్నది రెండోది. తబలా, సితార, హార్మోనియం స్వరాలతో యమహా భారతదేశం కోసమే ‘పీఎస్‌ఆర్-ఐ’ రకాలను తెచ్చింది. అవి నేర్చుకునేవారికి, చిన్న బృందాలకు అందుబాటులో వున్నాయి.

అప్పు చేసేముందు

ఈ సీజనులో పని ఒప్పుకున్నవారు రాని వాద్యం కోసం ఆగితే పోయేది ముహూర్తాలే. చేతిలో వున్నది పనిచేస్తున్నంతకాలం, వడ్డీకి తెచ్చి అగ్రశ్రేణిది కొనవలసిన అగత్యమూ లేదు. కొనక తప్పనివారు నాలుగు లెక్కలు వేసుకోవడం మేలు. ఒక సీజను సంపాదనలో వాయిదా ఎంత? మరమ్మతు దగ్గరలో జరుగుతుందా? రాత్రి బండి మీద తీసుకువెళ్లడానికి బరువెంత? విడిగా స్పీకర్లు కావాలా? జెనోస్ బరువు సుమారు 13 కిలోలు, దానికి స్పీకర్లు వేరుగా పెట్టుకోవాలి.

కొత్తది వచ్చిన తర్వాత చేతులు మారే పాత వాద్యాలు చవకగా దొరుకుతాయి. ఒకరికి నష్టమైనది, మొదటి వాద్యం కోసం చూస్తున్న మరో కుర్రవాడికి అవకాశం. అయితే మెట్లన్నీ నొక్కి, తెర వెలుగు చూసి, గంటసేపు ఆపకుండా వాయించి చూసిన తర్వాతే డబ్బు చేతికివ్వడం మంచిది.