పేరు మనది, పెత్తనం ఎవరిది?

దోమకొండ: బీడీలు తాగేవాడు కంపెనీ పేరు చదివి కొనడు. కట్టమీది బొమ్మ చూసి తీసుకుంటాడు. ఆ బొమ్మకు కాస్త అటూ ఇటూగా మరో బొమ్మ అచ్చువేసి, అదే రంగు కాగితం చుట్టి అమ్మితే, మోసం తెలిసేది మొదటి దమ్ము లాగిన తర్వాతే. బీడీలు చుట్టి బతికే కుటుంబాలెన్నో ఉన్న కామారెడ్డి ప్రాంతంలో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడా లేబులు కట్టమీది నుంచి సెల్‌ఫోను తెరమీదికి ఎక్కింది. దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో మెరిట్ అవార్డు లభించింది. కోట చూడాలనుకునేవాడు ఇంట్లో బయలుదేరక ముందే భోజనం ఎక్కడ, కారు ఎవరిది, వెళ్తూ వెళ్తూ కొనుక్కుపోవడానికి ఏం దొరుకుతుంది అని ఫోనులో వెతుకుతాడు. ఆ వెతుకులాటలో దుకాణదారు ముఖం కనబడదు, గల్లీ కనబడదు. కనబడేదల్లా వెబ్‌సైటు చిరునామా. దాన్నే డొమైన్ పేరు అంటున్నారు. అందులో ఒక్క అక్షరం మారితే చాలు, ఒకరి దుకాణానికి రావలసిన గిరాకీ మరొకరి గుమ్మం తొక్కుతుంది.

ఒక్క 'ఎఫ్' తెచ్చిన తగాదా

ఇటువంటి తగాదా ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ వారి అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే 1995లో ఏర్పడింది. తన పేరులోని అక్షరాలనే ఏరి 'సిఫీ' అనే కొత్త మాట పుట్టించుకుంది. సిఫీనెట్, సిఫీమాల్ వంటి డొమైన్ పేర్లను 1999లో నమోదు చేసుకుంది. తర్వాత 2001 నుంచి మరో కంపెనీ 'సిఫ్ఫీనెట్' పేరుతో రంగంలోకి దిగింది. ఇంగ్లీషులో మొదటిదానికి ఒక 'ఎఫ్', రెండోదానికి రెండు. తేడా అంతే. తమ అయిదుగురు ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే ఆ మాట వచ్చిందని రెండో కంపెనీ వాదించింది.

బెంగుళూరు సిటీ సివిల్ కోర్టు సత్యం పక్షాన తాత్కాలిక నిషేధం విధించగా, కర్ణాటక హైకోర్టు దానిని పక్కన పెట్టింది. చివరకు 2004 మే 6న సుప్రీంకోర్టు సత్యం పక్షాన తీర్పు చెప్పింది. అయిదుగురి అక్షరాల కథను నమ్మలేదు. డొమైన్ పేర్లకంటూ మన దేశంలో ప్రత్యేక చట్టం లేకపోయినా, వ్యాపార చిహ్నానికి ఉన్న లక్షణాలన్నీ డొమైన్ పేరుకూ ఉన్నాయని, తన సరుకును పరుల సరుకుగా చెలామణీ చేసేవారిని అడ్డుకునే న్యాయం దీనికీ వర్తిస్తుందని స్పష్టం చేసింది.

ఆ తీర్పులో చిన్న వర్తకులు ప్రత్యేకించి గమనించవలసిన మాట మరొకటి ఉంది. వ్యాపార చిహ్నానికి ఒక దేశపు హద్దులో రక్షణ దొరుకుతుంది. కనుక ఒకే పేరు వేర్వేరు చోట్ల వేర్వేరు వారికి ఉండవచ్చు. డొమైన్ పేరుకు ఆ హద్దులు లేవు. దోమకొండలో ఒకరు, సిద్దిపేటలో ఒకరు శ్రీలక్ష్మీ పేరు పెట్టుకున్నా ఇన్నాళ్లూ ఎవరి గిరాకీ వారికుండేది. డాట్ కాం ముందు ఆ పేరు పట్టేది ఒక్కరికే, అదీ ముందు వచ్చినవారికే.

'లక్ష్మి'కి ఎన్ని అక్షరాలు?

తెలుగు వర్తకుడికి ఇంకో చిక్కుంది. మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి స్థిరమైన పద్ధతి లేదు. 'లక్ష్మి'ని ఒకరు 'కె, ఎస్, హెచ్' పెట్టి రాస్తారు, మరొకరు 'ఎక్స్'తో సరిపెడతారు. దోమకొండలోని 'దో'కు 'డి' ఒక్కటి చాలునా, పక్కన 'హెచ్' ఉండాలా అంటే ఊళ్లోని బోర్డులే ఒక్క మాట మీద నిలవవు. అన్ని వర్ణక్రమాలుంటే కాపీదారుకు అన్ని దొడ్డిదారులు. అందుకే కాస్త ముందుచూపు గలవారు ఒకే పేరును డాట్ కాం, డాట్ ఇన్ రెండింటిలోనూ, జనం ఎక్కువగా రాసే ఒకటి రెండు వర్ణక్రమాల్లోనూ తీసుకుంటున్నారు. అన్నీ కొనడం ఎవరి తరమూ కాదు. తెలుగు లిపిలోనే '.భారత్' చిరునామా తీసుకునే వీలు కూడా ఉంది.

పేరు పెట్టడంలోనే సగం పని ఉంది. దేవుళ్ల పేర్లు, ఊరి పేరు, 'ఫ్రెష్', 'బెస్ట్' వంటి మాటలు అందరివీ. అవి నా ఒక్కడివే అని కోర్టులో నిలబడటం కష్టం. సొంతంగా పుట్టించిన మాటకు బలం ఎక్కువ. అలాగని దేవత పేరుకు రక్షణే లేదనుకోరాదు. ముక్కుపొడుం వ్యాపారంలో 'అంబాళ్' పేరుకు పోటీగా 'ఆండాళ్' పేరు నమోదు చేయబూనితే 1969లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఒకరు శివుని దేవేరి, ఒకరు విష్ణువు దేవేరి అన్న భేదం పొడుం కొనేవాడికి అప్పటికప్పుడు గుర్తుకు రాదని, చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయని న్యాయస్థానం భావించింది. కొన్నవాడి చెవి, కంటి గురుతే కొలబద్ద అన్నమాట. వెబ్‌సైటు దగ్గరా అంతే.

దస్తావేజు ఎవరి పేరున?

కాపీదారుల సంగతి అలా ఉంచితే, చేజేతులా పోగొట్టుకునేదీ తక్కువేమీ కాదు. వెబ్‌సైటు తయారు చేయించిన దుకాణదారు దాని డొమైను ఎవరి పేరున నమోదయిందో అడగడు. తయారుచేసిన కుర్రవాడు తన పేరు, తన ఈ-మెయిలు పెట్టుకుంటాడు. దురుద్దేశం ఉండనక్కరలేదు, అతనికదే సులువు. రేపు అతను ఉద్యోగం దొరికి పట్నం వెళ్లిపోతే తాళంచెవి కూడా వెంట పోతుంది. ఇల్లు కట్టిన మేస్త్రీ పేరున ఎవరైనా ఇంటి దస్తావేజు రాయిస్తారా?

రెండోది గడువు. డొమైన్ పేరు శాశ్వతంగా కొన్నది కాదు, ఏటేటా కట్టే కౌలు వంటిది. డాట్ కాం పేరు గడువు దాటాక రద్దయినా మరో 30 రోజులు అదనపు రుసుముతో విడిపించుకునే అవకాశం ఉంటుంది. అదీ దాటితే ఎవరికైనా అమ్ముడుపోతుంది. పాత గిరాకీ ఉన్న పేర్ల కోసం కాచుక్కూర్చునే వారికి కొదవలేదు.

ఫిర్యాదు ఎక్కడ?

డాట్ కాం పేర్ల తగాదాలకు 1999లో ఏర్పడిన అంతర్జాతీయ విధానం ఉంది. జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ద్వారా నడిపితే ఏకసభ్య మధ్యవర్తికి రుసుము 1,500 డాలర్లు. గెలిస్తే పేరు చేతికి వస్తుంది లేదా రద్దవుతుంది, నష్టపరిహారం మాత్రం రాదు. మూడు సంగతులు రుజువు చేయాలి: పేరు తన చిహ్నాన్ని పోలి ఉందని, ఎదుటివారికి దానిపై న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే నమోదు చేసి వాడుతున్నారని. డాట్ ఇన్ పేర్లకు ఇదే తరహా విధానాన్ని మన నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ నడుపుతోంది. ఇక్కడ దురుద్దేశం నమోదులో గానీ వాడకంలో గానీ, ఏ ఒక్కచోట కనిపించినా చాలు.

అయితే ముందు చిహ్నం తనదని చూపించాలి కదా. చిన్న సంస్థలు ఆన్‌లైనులో దరఖాస్తు చేస్తే ఒక తరగతి సరుకుకు రుసుము 4,500 రూపాయలు. నమోదు 10 ఏళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. రిజిస్టరైన చిహ్నాన్ని ఎవరైనా వాడుకుంటే, వ్యాపారి తాను వ్యాపారం చేసే చోటి జిల్లా స్థాయి కోర్టులోనే దావా వేయడానికి 1999 చట్టం 134వ సెక్షను వీలు కల్పిస్తోంది. రిజిస్టరు చేయించనివారు పాత బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, ప్యాకెట్లు, తేదీ ఉన్న ఫోటోలు దాచుకోవాలి. నకిలీ సైటు కనిపించిన రోజునే దాని పేజీలన్నీ తేదీతో సహా ఫోటో తీసి ఉంచాలి. నోటీసు అందగానే అది మాయమైపోవచ్చు.

నకిలీ సైటు గిరాకీ దగ్గర డబ్బు కూడా గుంజుతున్నదంటే అది పేరు తగాదా దాటి నేరంలోకి వెళ్లినట్లే. 1930 నంబరుకు ఫోను చేయాలి. కంప్యూటరు సాయంతో ఇతరులుగా నటించి మోసగిస్తే ఐ.టి. చట్టం 66-డి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జుల్మానా పడుతుంది.

ఇవన్నీ పెద్ద కంపెనీలకే చెల్లుతాయని చిన్నవారు వెనుకాడటం సహజమే. అమెరికాలో ఉజి నిస్సాన్ అనే చిన్న కంప్యూటర్ల వ్యాపారి తన ఇంటిపేరుతో 'నిస్సాన్ డాట్ కాం' 1994లో తీసుకున్నాడు. 1999లో నిస్సాన్ కార్ల కంపెనీ అతని మీద దావా వేసింది. ఏళ్ల తరబడి కోర్టులు నడిచాయి, ఖర్చులు తడిసి మోపెడయ్యాయి. తన సైటులో కార్ల ప్రకటనలు మానుకోవలసి వచ్చింది గానీ పేరు మాత్రం పోలేదు. 2020లో కన్నుమూసే దాకా అది అతని దగ్గరే ఉంది.