సుడి పుట్టించే చిట్టి రెక్క

ఏసీ ఔట్‌డోర్ యూనిట్ వెనక్కి వెళ్లి చూస్తే రాగి గొట్టాలు, వాటిని గుచ్చుకుని ఒత్తుగా నిలబడ్డ అల్యూమినియం రేకులు కనిపిస్తాయి. మెకానిక్కులు వీటిని ఫిన్స్ అంటారు. ఒక్కో రేకు మందం మిల్లీమీటరులో పదో వంతు, రేకుకీ రేకుకీ సందు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. గాలికి వేడి ఎక్కించడం కష్టం కాబట్టే ఇంత రేకు కావలసి వచ్చింది. గాలి ఉష్ణవాహకత నీటి దానిలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. గొట్టంలోని రిఫ్రిజరెంట్ వేడిని సులువుగానే వదులుతుంది, రాగి వెంటనే దాటిస్తుంది. అసలు అడ్డంకి గాలి వైపే.

రేకును ఆనుకున్న గాలి దాదాపు కదలదు. ఈ సరిహద్దు పొర ముందుకు పోయేకొద్దీ మందమవుతుంది. తాను వేడెక్కి కూర్చుని, పైన పోతున్న చల్లగాలిని రేకు దాకా రానివ్వదు. ఫ్యాను వేగం పెంచితే కొంత లాభమే గానీ, దక్కే చల్లదనం కన్నా కరెంటు ఖర్చు చాలా తొందరగా పెరుగుతుంది.

దీనికి విరుగుడు విమానాల వాళ్ల దగ్గర దొరికింది. వెడల్పయ్యే గొట్టంలో గాలి గోడను విడిచి చెదిరిపోతుంటే, గోడ మీద చిన్న పలకలను ఏటవాలుగా నిలబెడితే అతుక్కునే పోతుందని 1947లో అమెరికాలోని యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో హెచ్.డి. టేలర్ చూపించాడు. ఇవే వోర్టెక్స్ జనరేటర్లు. పలక అంచు మీదుగా పొర్లిన గాలి తాడు పేనినట్టు మెలి తిరుగుతూ ముందుకు సాగుతుంది. ఇలా ప్రవాహం వెంబడే తిరిగే సుడి చాలా దూరం బతుకుతుంది. పోతూ పోతూ పైనున్న చురుకైన గాలిని గోడకు దించుతుంది, గోడ దగ్గరి మందగాలిని పైకి లేపుతుంది. వేడి పట్టుకుపోవడానికి కావలసిందీ సరిగ్గా ఇదే.

1969లో జాన్సన్, జూబర్ట్ ఈ పలకలను గుండ్రటి స్తంభానికి అమర్చి ఉష్ణ ప్రసరణ కొలిచారు. 1980ల నుంచి జర్మనీలోని బోకుమ్‌లో మార్టిన్ ఫీబిగ్ బృందం ఫిన్ల మధ్య ఇరుకు దారుల్లో త్రికోణపు రెక్కలను పరీక్షించింది. ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు గౌతమ్ బిశ్వాస్ కూడా ఈ పనిలో వారితో కలిశారు. రెక్క కోసం వేరే లోహం అక్కర్లేదు. రేకులోనే త్రికోణంగా కోసి, ఆ నాలుకను పైకి వంచితే చాలు.

ఇబ్బందల్లా, సుడి ఊరికే పుట్టదు. అడ్డం పెట్టిన ప్రతిదీ గాలిని ఆపుతుంది, ఆ భారం ఫ్యాను మీద పడుతుంది. వేడి ఎక్కువ పోవాలంటే పీడన నష్టం భరించక తప్పదని అందరూ అనుకుంటున్న రోజుల్లో, 2002లో జపాన్‌లోని యోకొహామాలో టోరీ, క్వాక్, నిషినో రెక్కల జతను కొత్త చోట పెట్టారు. గాలి గొట్టాన్ని దాటాక దాని వెనక ఒక మందకొడి చోటు మిగిలిపోతుంది. అక్కడ గాలి ఉన్నచోటే తిరుగుతుంటుంది, వేడి సరిగా పోదు. వాళ్లు గొట్టానికి రెండు పక్కలా, వెనక భాగం దగ్గర, ముందుకు పోయేకొద్దీ ఒకదానికొకటి దగ్గరయ్యేలా రెక్కలను నిలబెట్టారు. రెక్కకూ గొట్టానికీ మధ్య దారి సన్నబడింది. అందులో వేగం పుంజుకున్న గాలి గొట్టాన్ని మరికాస్త దూరం అంటిపెట్టుకుని వెళ్లింది. వెనకటి మందకొడి చోటు కుంచించుకుపోయింది. ఒకటి విడిచి ఒకటిగా పేర్చిన గొట్టాల వరుసల్లో ఉష్ణ ప్రసరణ 10 నుంచి 30 శాతం పెరిగింది, పీడన నష్టం 34 నుంచి 55 శాతం తగ్గింది. ఈ పరిశోధనలన్నిటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. గాలిని గోడకు అంటించి ఉంచడమనే టేలర్ నాటి పనినీ, వేడిని కలియబెట్టే పనినీ ఒకే రెక్క చేసింది.

నీళ్లు దొరకని చోట గాలితోనే ఆవిరిని చల్లార్చాల్సిన భూతాప విద్యుత్ కేంద్రాలకు ఇలాంటి రెక్కలు ఎంతో అవసరం. అమెరికాలోని ఇడాహో జాతీయ ప్రయోగశాలలో ఓబ్రయన్, సోహాల్ అందుకోసమే కోడిగుడ్డు ఆకారపు గొట్టాలతో వీటిని పరీక్షించారు.

అయితే ఫిన్లు మరీ ఒత్తుగా ఉండి గాలి నెమ్మదిగా పోతే, దాని జిగటే సుడిని తొందరగా చంపేస్తుంది. రెక్క ఎక్కడ నిలబడాలి, ఎంత వాలాలి అన్నది గొట్టం సైజు, ఫిన్ల సందు, గాలి వేగాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ఒక కాయిల్‌కు, అంటే గొట్టాలూ ఫిన్లూ కలిసిన ఒక అమరికకు, కుదిరిన అచ్చును యథాతథంగా మరో కాయిల్‌కు వాడలేరు. కొత్త కాయిల్ అంటే మళ్లీ కంప్యూటర్ లెక్కలు, మళ్లీ విండ్ టన్నెల్ పరీక్షలే.