యూనిట్ – 9: కారు స్టార్టు కానప్పుడు – ఇమ్మొబిలైజర్ పనితీరు, దోష నిర్ధారణ

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఇమ్మొబిలైజర్ పనిచేసే విధానం
9.3 బలహీనమైన బ్యాటరీ, తుప్పుపట్టిన టెర్మినళ్లు
9.4 దోష నిర్ధారణ క్రమం
9.5 ఉదాహరణ
9.6 చేయకూడని పనులు
9.7 రెండో తాళంచెవి
9.8 సారాంశం
9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• తాళంచెవిలోని చిప్‌ను కారు ఎలా గుర్తిస్తుందో విద్యుదయస్కాంత ప్రేరణ ఆధారంగా వివరించగలుగుతారు.
• బ్యాటరీ దోషానికీ, ఇమ్మొబిలైజర్ దోషానికీ తేడా గుర్తించగలుగుతారు.
• స్టార్టు కాని కారును ఒక క్రమంలో పరీక్షించి, దోషం ఏ భాగంలో ఉందో నిర్ణయించగలుగుతారు.

9.1 పరిచయం

పాత అంబాసిడర్, తొలినాటి మారుతి 800 వంటి కార్లలో తాళంచెవి ఒక స్విచ్చును తిప్పే సాధనం మాత్రమే. స్టీరింగు కింది తీగలు కలపడం తెలిసినవాడు తాళంచెవి లేకుండానే ఇంజను నడిపించగలిగేవాడు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి వచ్చినదే ఇమ్మొబిలైజర్. సరైన చిప్ ఉన్న తాళంచెవి దగ్గర లేకపోతే ఇది ఇంజనును నడవనివ్వదు. జర్మనీ, బ్రిటన్ దేశాలలో 1998 నుంచి కొత్త కార్లకు దీనిని తప్పనిసరి చేశారు. మన దేశంలో మారుతి సుజుకి దీనిని ఐక్యాట్స్ అనే పేరుతో తన కార్లలో అమర్చింది. ఇతర సంస్థల కార్లలోనూ ఇది ఇప్పుడు మామూలు విషయమే. నెదర్లాండ్స్ గణాంకాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు 1995–2008 మధ్య ఈ పరికరం కారు దొంగతనాలను సుమారు 40 శాతం తగ్గించిందని తేల్చారు.

అయితే దొంగ కోసం పెట్టిన కాపలా ఒక్కొక్కసారి యజమానినే అడ్డగిస్తుంది. అంతకంటే ఎక్కువసార్లు, చేయని నేరం దీని మీద పడుతుంది. డ్యాష్‌బోర్డు మీద తాళంచెవి బొమ్మ మినుకుమినుకుమంటే చాలు, 'సెక్యూరిటీ లాక్ పడిపోయింది' అనే నిర్ణయానికి వచ్చేస్తారు. చిలకలపూడి నుంచి విజయవాడ సుమారు 70 కిలోమీటర్లు. నాగాయలంక, కోడూరు వంటి దివిసీమ ఊళ్ల నుంచి ప్రయాణం ఇంకా కష్టం. కారును లారీ మీదకు ఎక్కించి పంపించిన తరువాత, అసలు దోషం బ్యాటరీ టెర్మినల్ మీది తుప్పు అని తేలితే డబ్బూ, కాలమూ రెండూ వృథా. కాబట్టి ఖర్చు పెట్టడానికి ముందు పది నిమిషాల పరిశీలన అవసరం. ఆ పరిశీలనకు కావలసిన భౌతికశాస్త్రం మీరు ఇప్పటికే చదివినదే.

9.2 ఇమ్మొబిలైజర్ పనిచేసే విధానం

ఈ వ్యవస్థలో నాలుగు భాగాలుంటాయి.

1. ట్రాన్స్‌పాండర్: తాళంచెవి తలభాగంలో ఉండే చిన్న చిప్. దీనికి సొంత బ్యాటరీ ఉండదు.
2. యాంటెనా చుట్ట: తాళంచెవి దూర్చే రంధ్రం చుట్టూ ఉండే రాగితీగ చుట్ట.
3. ఇమ్మొబిలైజర్ కంట్రోల్ యూనిట్: చిప్ పంపిన సంకేతాన్ని చదివే భాగం.
4. ఇంజను కంట్రోల్ యూనిట్: ఇంధనాన్ని, ఇగ్నిషన్‌ను నియంత్రించే భాగం. దీనినే ఈసీయూ అంటారు.

ఇగ్నిషన్ ఆన్ చేయగానే యాంటెనా చుట్టలో సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం గల ఏకాంతర విద్యుత్తు ప్రవహిస్తుంది. దానివల్ల చుట్ట పరిసరాలలో మారుతున్న అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. చిప్‌లోని అతిచిన్న చుట్టలో ఈ క్షేత్రం విద్యుచ్చాలక బలాన్ని ప్రేరేపిస్తుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రం ఇదే. ఆ కాస్త శక్తితోనే చిప్ మేల్కొని తన గుర్తింపు సంకేతాన్ని తిరిగి పంపుతుంది. కొత్తతరం చిప్‌లలో కారు ఒక సంఖ్యను పంపి, దానికి సరైన జవాబు లెక్కించి చెప్పమని అడుగుతుంది. జవాబు సరిపోతేనే ఈసీయూ ఇంధనాన్ని విడుదల చేస్తుంది.

ఈ క్షేత్రం చాలా కొద్ది దూరం వరకే పనిచేస్తుంది. చుట్ట వ్యాసార్ధం 2 సెంటీమీటర్లు అనుకుందాం. కేంద్రం వద్ద క్షేత్ర బలం 100 అయితే, అక్షం మీద 2 సెంటీమీటర్ల దూరంలో అది సుమారు 35, 4 సెంటీమీటర్ల దూరంలో సుమారు 9 మాత్రమే. అందువల్ల చిప్ తన స్థానం నుంచి కాస్త పక్కకు జరిగినా గుర్తింపు కష్టమవుతుంది.

లోహం కూడా ఇలాంటి ఆటంకమే కలిగిస్తుంది. మారుతున్న క్షేత్రంలో ఉన్న లోహపు రేకులో, మూసి ఉన్న లోహపు వలయంలో ప్రేరిత విద్యుత్తు పుడుతుంది. లెంజ్ నియమం ప్రకారం అది మూల క్షేత్రాన్ని వ్యతిరేకిస్తుంది. చిలకలపూడి రోల్డు గోల్డు నగలకు పేరుపొందిన ఊరు. పైన బంగారు పూత ఎంత పలుచనిదైనా లోపల ఉండేది రాగి లేదా ఇత్తడి వంటి మంచి విద్యుద్వాహకం. అలాంటి లోహపు తొడుగునో, మందపాటి రింగునో తాళంచెవి తలకు ఆనించి ఉంచితే చిప్‌కు చేరే క్షేత్రం బలహీనపడవచ్చు. అదే గుత్తిలో మరో కారు తాళంచెవి ఉంటే రెండు చిప్‌ల సంకేతాలు కలగాపులగం కావచ్చు.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. తలుపులు తెరిచే రిమోటు వేరు, ట్రాన్స్‌పాండర్ వేరు. రిమోటుకు సీఆర్ 2032 వంటి 3 వోల్టుల నాణెం ఆకారపు సెల్ కావాలి. ట్రాన్స్‌పాండర్‌కు అక్కరలేదు. కాబట్టి రిమోటు సెల్ అయిపోతే తలుపు తెరుచుకోదు గానీ, తాళంచెవి దూర్చి తిప్పే కారు మామూలుగానే స్టార్టు అవుతుంది. దీనికి విరుద్ధమైన పరిస్థితి కూడా ఉంది. పగిలిన తాళంచెవికి బజారులో కొత్త కేసు వేయించినప్పుడు బియ్యపుగింజ కంటే కాస్త పెద్దదైన చిప్ పాత కేసులోనే ఉండిపోవచ్చు. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది, ఇంజను మాత్రం పలకదు. పాత కేసు పారేయకముందే ఈ సంగతి చూసుకోవాలి.

9.3 బలహీనమైన బ్యాటరీ, తుప్పుపట్టిన టెర్మినళ్లు

'లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది' అనేది చాలామంది చేసే వాదన. ఓమ్ నియమంతో దీనిని పరీక్షిద్దాం.

టెర్మినల్ వద్ద తుప్పు వల్ల 0.02 ఓముల అదనపు నిరోధం ఏర్పడిందనుకోండి. లైట్లు 5 ఆంపియర్లు తీసుకుంటే అక్కడ తగ్గే వోల్టేజి 5 × 0.02 = 0.1 వోల్టు. ఇది కంటికి తెలియదు. స్టార్టరు మోటారు, అంటే వాడుకలో 'సెల్ఫ్', 150 ఆంపియర్లు లాగితే తగ్గుదల 150 × 0.02 = 3 వోల్టులు. 12.4 వోల్టుల బ్యాటరీ నుంచి మిగతా కారుకు అందేది 9.4 వోల్టులే. బ్యాటరీ లోపలి తగ్గుదల కూడా కలిస్తే ఇంకా తక్కువ. అంత తక్కువ వోల్టేజి వద్ద కంట్రోల్ యూనిట్లు సరిగా పనిచేయకపోవచ్చు. చిప్‌ను చదవడం మధ్యలో ఆగిపోయి, హెచ్చరిక దీపం మినుకుమనవచ్చు. దోషం టెర్మినల్‌ది, నింద ఇమ్మొబిలైజర్‌ది.

సముద్రతీరంలో ఈ సమస్య ఎక్కువ. తేమలో కరిగిన ఉప్పు మంచి విద్యుద్విశ్లేష్యం. వేర్వేరు లోహాలు కలిసే చోట అది క్షయాన్ని వేగవంతం చేస్తుంది. ద్రావణం గుండా విద్యుత్తు పంపి నగకు పూత వేయడం మనకు కావలసిన రసాయన చర్య. ఉప్పుగాలిలో లోహం తినివేయబడటం మనకు అక్కరలేని విద్యుద్రసాయన చర్య. టెర్మినళ్ల మీద తెల్లగానో, నీలి ఆకుపచ్చగానో కనిపించే పొర దీనికి గుర్తు.

కారును వాడకుండా ఉంచినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. అలారం, గడియారం వంటివి కలిసి 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే 45 ఆంపియర్-గంటల బ్యాటరీ సగం ఖాళీ కావడానికి 22.5 ÷ 0.05 = 450 గంటలు, అంటే సుమారు 19 రోజులు చాలు.

9.4 దోష నిర్ధారణ క్రమం

ఒకసారి ఒక మార్పే చేయండి. ఫలితం రాసుకున్న తరువాతే తరువాతి మెట్టుకు వెళ్లండి.

మెట్టు 1 – దీపాన్ని గమనించండి. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు తాళంచెవి బొమ్మ గల దీపం కొద్ది సెకన్లు వెలిగి ఆరిపోతే చాలా కార్లలో చిప్ గుర్తింపు జరిగినట్లే. ఆగకుండా మినుకుమంటే జరగనట్లు. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు సెక్యూరిటీ దీపం మినుకుమనడం మాత్రం దోషం కాదు, కాపలా ఉందని సూచన. మోడల్‌ను బట్టి సూచనలు మారుతాయి కనుక కారుతో వచ్చిన పుస్తకం చూడండి.

మెట్టు 2 – సెల్ఫ్ శబ్దం వినండి. 'టిక్ టిక్' మని ఆగిపోయినా, ఈడుస్తున్నట్లు నెమ్మదిగా తిరిగినా ముందుగా బ్యాటరీని అనుమానించాలి. సెల్ఫ్ చురుకుగా తిరిగి ఇంజను అందుకోకపోయినా, అందుకుని ఒకటి రెండు సెకన్లలో ఆగిపోయినా ఇమ్మొబిలైజర్‌ను అనుమానించవచ్చు. ఇంధన పంపు దోషం కూడా ఇలాగే కనిపిస్తుంది. రెండింటినీ వేరుచేసేది మొదటి మెట్టులోని దీపమే. కొన్ని కార్లలో ఇమ్మొబిలైజర్ సెల్ఫ్‌నే తిరగనివ్వదని కూడా గుర్తుంచుకోండి.

మెట్టు 3 – బ్యాటరీని కొలవండి. కారు కొన్ని గంటలు నిలిచి ఉన్న తరువాత 12.6 వోల్టులు ఉంటే పూర్తి చార్జి. 12.0 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోకూడదు. టెర్మినళ్లు శుభ్రంచేసి బిగించండి. మీటరు లేకపోతే సెల్ఫ్ కొడుతూ హెడ్‌లైట్లను చూడండి. బాగా మసకబారితే బ్యాటరీ వైపే దోషం.

మెట్టు 4 – తాళంచెవిని ఒంటరి చేయండి. గుత్తి నుంచి విడదీసి, లోహపు తొడుగు తీసి ప్రయత్నించండి. బటన్ నొక్కి స్టార్టు చేసే కారైతే రిమోటు సెల్ అయిపోయి ఉండవచ్చు. చాలా మోడళ్లలో రిమోటును స్టార్టు బటన్‌కు ఆనించిగానీ, పుస్తకంలో చూపిన చోట ఉంచిగానీ స్టార్టు చేయవచ్చు.

మెట్టు 5 – రెండో తాళంచెవితో ప్రయత్నించండి. ఇది అన్నిటికంటే నిర్ణాయకమైన పరీక్ష. రెండోది పనిచేస్తే దోషం మొదటి తాళంచెవిలో ఉంది. రెండూ పనిచేయకపోతే దోషం కారులో ఉండే అవకాశం ఎక్కువ: ఫ్యూజు, యాంటెనా చుట్ట, తీగలు లేదా కంట్రోల్ యూనిట్. ఫ్యూజు మారిస్తే అదే ఆంపియర్లది వేయాలి.

మెట్టు 6 – స్కానరు పెట్టించండి. ఓబీడీ స్కానరు పీ0513 అనే కోడు చూపితే తాళంచెవి గుర్తింపు విఫలమైందని అర్థం. తరువాత బయట షాపులో అమర్చిన అలారం ఉంటే అది స్టార్టరు లేదా పంపు సరఫరాను ఆపుతోందేమో అమర్చిన ఎలక్ట్రీషియన్‌తోనే చూపించాలి.

9.5 ఉదాహరణ

చిలకలపూడిలో ఒక కుటుంబం పిల్లల దగ్గరకు హైదరాబాదు వెళ్లి మూడు వారాల తరువాత తిరిగివచ్చిందనుకుందాం. డ్యాష్‌బోర్డు దీపాలు వెలిగాయి. తాళంచెవి దీపం మినుకుమంది. సెల్ఫ్ 'టిక్ టిక్' మంది. చూసినవారు ఇమ్మొబిలైజర్ పోయిందన్నారు.

ఇక్కడ రెండు సూచనలు రెండు వైపులకు లాగుతున్నాయి. దీపం ఇమ్మొబిలైజర్‌ను చూపితే, శబ్దం బ్యాటరీని చూపుతోంది. బ్యాటరీ దోషం రెండు లక్షణాలనూ కలిగించగలదు. చిప్ దోషం 'టిక్ టిక్' శబ్దాన్ని వివరించలేదు. కాబట్టి ముందు పరీక్షించవలసింది బ్యాటరీని. మీటరు 11.9 చూపింది. మరో కారు నుంచి జంపర్ కేబుళ్లతో కలపగానే దీపం మామూలుగా ఆరిపోయి ఇంజను అందుకుంది. తాళంచెవిలో దోషం లేదు.

కేబుళ్లు కలిపే వరుస: ఎర్రది ముందు ఖాళీ బ్యాటరీ ధన ధ్రువానికి, తరువాత మంచి బ్యాటరీ ధన ధ్రువానికి. నల్లది మంచి బ్యాటరీ రుణ ధ్రువానికి, చివరి కొస ఆగిన కారు ఇంజను మీద రంగులేని లోహభాగానికి. చివరి కొసను బ్యాటరీకి దూరంగా కలపడం వల్ల నిప్పురవ్వ అక్కడి హైడ్రోజన్ వాయువుకు అంటుకోదు.

ఇదే కారులో 12.6 వోల్టులు ఉండి, సెల్ఫ్ చురుకుగా తిరుగుతూ, దీపం మినుకుమంటూ ఉంటే నిర్ణయం మారుతుంది. అప్పుడు మెట్టు 4, 5 వైపు వెళ్లాలి.

9.6 చేయకూడని పనులు

• నలుగురు కలిసి తోయడం వల్ల ఇమ్మొబిలైజర్ తెరుచుకోదు. ఈసీయూ ఇంధనం ఇవ్వనప్పుడు చక్రాలు తిరిగినా ఇంజను నడవదు.
• ఆపకుండా సెల్ఫ్ కొట్టకూడదు. మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీలో మిగిలినది కూడా పోతుంది.
• తుపానులో లోపలికి నీరు చేరిన కారులో ఇగ్నిషన్ ఆన్ చేయకూడదు. డ్యాష్‌బోర్డు కింది యూనిట్లు తడిసి ఉంటే విద్యుత్తు తగలగానే పాడవుతాయి. బ్యాటరీ కనెక్షన్ తీసి మెకానిక్‌కు చూపించాలి.
• ఇమ్మొబిలైజర్‌ను శాశ్వతంగా తొలగించకూడదు. ఆ కారు మళ్లీ పాత అంబాసిడర్ స్థితికి చేరుతుంది.
• మనిషి ఆరోగ్యం ప్రమాదంలో ఉన్నప్పుడు ఈ పరీక్షలేవీ వద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. కారు సంగతి తరువాత.

9.7 రెండో తాళంచెవి

పనిచేసే తాళంచెవి ఒక్కటే ఉన్నప్పుడు అది పోతే ఖర్చు బాగా పెరుగుతుంది. కొత్త చిప్‌ను కారుకు పరిచయం చేయడానికి ప్రత్యేక యంత్రం కావాలి. వర్క్‌షాపువారు ఆర్‌సీ, గుర్తింపు పత్రం అడుగుతారు, అడగాలి కూడా. సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు రెండు తాళంచెవులూ తీసుకుని, రెండింటితోనూ ఇంజను స్టార్టు చేసి చూడండి. కారు దొంగతనానికి గురైతే బీమా సంస్థలు సాధారణంగా తాళంచెవులన్నీ అప్పగించమంటాయి. రెండోది ఇంట్లో భద్రపరచి, ఆరు నెలలకొకసారి దానితో కూడా కారు నడపండి. అవసరం పడిన రోజున అది పనిచేస్తుందన్న నమ్మకం ఉంటుంది.

9.8 సారాంశం

ఇమ్మొబిలైజర్ విద్యుదయస్కాంత ప్రేరణ ద్వారా చిప్‌ను గుర్తించి ఇంజనుకు అనుమతి ఇస్తుంది. దూరం, లోహం, తక్కువ వోల్టేజి ఈ గుర్తింపును చెడగొడతాయి. ఒకే లక్షణం చూసి నిర్ణయానికి రాకూడదు. కనిపించిన లక్షణాలన్నిటినీ వివరించగల కారణాన్నే ముందు పరీక్షించాలి. దీపం, శబ్దం, వోల్టేజి, రెండో తాళంచెవి – ఈ వరుస పాటిస్తే చాలా సందర్భాలలో దోషం ఏ వైపు ఉందో ఇంటి దగ్గరే తెలుస్తుంది.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రిమోటుతో తలుపులు తెరుచుకోవడం ట్రాన్స్‌పాండర్ బాగుందనడానికి రుజువు అవుతుందా? కారణం చెప్పండి.
2. టెర్మినల్ వద్ద 0.01 ఓముల అదనపు నిరోధం ఉండి, సెల్ఫ్ 180 ఆంపియర్లు తీసుకుంటే అక్కడ ఎంత వోల్టేజి తగ్గుతుంది?
3. రెండు తాళంచెవులతోనూ దీపం మినుకుమంటోంది. బ్యాటరీ 12.5 వోల్టులు. తరువాత ఏ భాగాలను పరీక్షిస్తారు?

జవాబులు: 1. కాదు. రెండూ వేర్వేరు వలయాలు. రిమోటు సెల్‌తోనూ, ట్రాన్స్‌పాండర్ ప్రేరిత విద్యుత్తుతోనూ పనిచేస్తాయి. 2. 1.8 వోల్టులు. 3. ఫ్యూజు, యాంటెనా చుట్ట, తీగలు, కంట్రోల్ యూనిట్.